బరువు మీద పెట్టి చూడు

జూన్ 3

మావయ్యకి,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ? ఎవరూ?" అని వీధంతా వినపడేలా అరుస్తావు. నేను చెప్పింది మాత్రం నీకు ఒక్క ముక్క వినపడదు. చెవి మిషను కొని బీరువాలో దాచుకున్న మహానుభావుడివి కాబట్టి కాగితం మీదే మొత్తుకుంటున్నాను.

నాకొక ట్రాన్స్‌ఫార్మరు కావాలి. వీధి స్తంభం మీద ఉండేది కాదని అత్తయ్యకి ముందే చెప్పు, లేకపోతే కంగారు పడుతుంది. రెండు చేతుల్లో పట్టేంతది. గిటారుకి నేనే సొంతంగా యాంప్లిఫయరు కట్టుకుంటున్నాను, గాజు వాల్వులతో. చిన్నప్పుడు నీ షాపులో పాత రేడియోల వెనక ఎర్రగా వెలిగేవి చూడు, అవే.

ఎందుకంటావా? మా బ్యాండులో నలుగురం. డ్రమ్ములాయన బేకరీలో పనిచేస్తాడు, పాడే అమ్మాయి నర్సు, నేను పగలంతా ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తానని నీకు తెలిసిందే. నాలుగో ఆయనది కీబోర్డు. స్పీకరు పెట్టెలు ఆయనవే, వ్యాను ఆయనదే, అందరి సౌండూ పెంచి తగ్గించే బోర్డు కూడా ఆయన మోచేతి పక్కనే ఉంటుంది. అందుకని ఆయన నాయకుడు. నా గిటారు వైరు ఆ బోర్డులోకి వెళ్తుంది. వెళ్లాక ఏమవుతుందో ఆ దేవుడికీ ఆయనకీ తెలియాలి. పోయిన ప్రోగ్రాములో నేను వేళ్లు వాచేలా వాయించాను. ముందు వరసలో కూర్చున్న మా పళ్ల డాక్టరుగారు మర్నాడు అడిగారు, "వైరు తగిలించడం మర్చిపోయావా అమ్మా?" అని. తల కొట్టేసినట్టయింది.

నాయకుడుగారిని నిలదీస్తే నవ్వాడు. "నువ్వు స్టేజి మీద నిలబడితే చూడ్డానికి బాగుంటుంది, అంతే చాలు. నీ సౌండు సంగతి నేను చూసుకుంటాగా" అన్నాడు. చూసుకుంటాడట! నా సౌండు నా చేతిలోనే ఉండాలి మావయ్యా. సొంత యాంపు కట్టి తెచ్చుకుంటానన్నాను. "తెచ్చుకో. సెప్టెంబరులో టౌన్‌హాలు ప్రోగ్రాముకి తీసుకురా. ఆ రోజు అది గుర్రుమన్నా, మధ్యలో ఆగినా నీ చోట్లో మా బావమరిది వాయిస్తాడు" అన్నాడు. సరేనన్నాను. అందరి ముందూ అన్నాను.

మిగతా సామాన్లు చాలావరకు పోగుచేశాను. సౌండుని స్పీకరులోకి తోసే చివరి రెండు వాల్వులూ ఒకదానికొకటి సరిపోయే జంట అయ్యుండాలి, దానికోసం తిరుగుతున్నాను. అసలైంది ట్రాన్స్‌ఫార్మరు. నీ జన్మంతా వాటిని చుట్టడంలోనే గడిచిందిగా. ఇది కూడా చుట్టి పంపు.

నువ్వు పెట్టిన పేరుతోనే సంతకం చేస్తున్నాను,
మొండిఘటం


జూన్ 10

మొండీ,

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మరు కాదని రెండుసార్లు చెప్పాను, ఆవిడ ఇంకా నమ్మలేదు.

చుట్టను. షట్టరు దించేసి చాలా కాలమైంది. సన్నతీగ వేళ్ల మధ్య పట్టుకుంటే కుడిచెయ్యి వణికిపోతోంది. చుట్టే మిషను జోలికి వెళ్లొద్దని డాక్టరు అన్నాడు, ఆ మాట పట్టుకుని మీ అత్తయ్య షాపు తాళంచెవి ఎక్కడో దాచేసింది. ఎక్కడే అని అడిగితే వినపడనట్టు నటిస్తుంది. చెవుడు నాకైతే!

చెయ్యి బాగున్నా చుట్టను. అది ఆటవస్తువు కాదే. గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటు చాలదన్నట్టు దాన్ని ఇంకా పెంచి వాల్వులకి పెడుతుంది. స్విచ్చి ఆపేశాక కూడా, కరెంటు నిలవచేసే ఆ కెపాసిటర్లలో దొంగలా నక్కి కూర్చుంటుంది. ఖాళీ చెయ్యకుండా ముట్టుకున్నావంటే అంతే సంగతులు. మా అక్క పోతూ పోతూ నిన్ను నాకు అప్పజెప్పింది ఇందుకు కాదు.

షాపుల్లో రెడీమేడువి ఉంటాయి, ఒకటి కొనుక్కో. లేదంటే ఆ కీబోర్డువాడికి నాలుగు చివాట్లు పెట్టి బయటికొచ్చెయ్. ఇంక ఈ విషయం నా దగ్గర ఎత్తకు.

మీ మావయ్య

(అమ్మాయీ, ఈ మూల ఖాళీగా ఉంది కాబట్టి నేను రాస్తున్నాను. చెవి మిషను గురించి నువ్వు రాసిన వాక్యాన్ని మీ మావయ్య చదివేటప్పుడు మింగేశారు. నేను తర్వాత తీసి చూసుకున్నాను. వదలకు, ఇంకా అడుగు. అత్తయ్య.)


జూన్ 16

మావయ్యా,

చెయ్యి వణుకుతోందన్నావు. నాకు ముందే ఎందుకు చెప్పలేదు?

కానీ చెయ్యి బాగున్నా చుట్టనన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. కట్టి తెస్తానని అందరి ముందూ అన్నదాన్ని రెడీమేడుది మోసుకెళ్లి ఏ ముఖంతో పెట్టను? బయటికొచ్చెయ్ అంటావా, ఆయన కోరుకునేదీ అదేగా! బావమరిది అప్పుడే గిటారుకి కొత్త తీగలు వేయించుకున్నాడట.

అందుకని నేనే పాతసామాన్ల బజారుకి వెళ్లాను. వెతగ్గా వెతగ్గా రెండు దొరికాయి. ఒకటి నల్లటి ఇనపడబ్బాలో మూసి ఉంది, నున్నగా, పెళ్లికొడుకులా ఉంది. రెండోది ఏదో పాత సినిమాహాలు యాంపులోంచి పీకిందట. ఒళ్లంతా తుప్పు, రేకులన్నీ బయటికి కనపడుతున్నాయి, ముట్టుకుంటే చెయ్యి మురికి. మీటరు పెడితే రెండింట్లోనూ వోల్టులు సరిగ్గానే ఉన్నాయి. రెండింటినీ పక్కన పెట్టించాను.

ఎలా ఎంచుకోవాలో నువ్వు చెప్తావా, లేక అందంగా ఉన్నదాన్ని తెచ్చేసుకోనా? ఆ తర్వాత ఏం జరిగినా నన్ను అనకు.

అత్తయ్యా, మిషను సంగతి వదిలేది లేదు.

మొండిఘటం


జూన్ 24

ఓసి గడుగ్గాయీ,

నన్నే బెదిరిస్తావా? మీ అమ్మా ఇంతే. చెట్టెక్కొద్దంటే ముందు ఎక్కేది, పైనుంచి "ఇప్పుడెలా దిగాలో చెప్పరా" అనేది. నేను కింద నిలబడి చెప్పేవాణ్ని. ఇప్పుడు నీ దగ్గరా అదే గతి పట్టింది నాకు.

బాగా చదువు. దాని మీద 300-0-300 అని రాసుంటుంది. అంటే మధ్య తీగకి అటు మూడువందలు, ఇటు మూడువందలు. ఈ చివరినుంచి ఆ చివరికి ఆరువందలని మర్చిపోకు. అది కాక ఆరు వోల్టుల తీగచుట్టు విడిగా ఒకటి ఉండాలి, వాల్వుల కడుపులో పొయ్యి రాజెయ్యడానికి. ఇవి రెండూ ఉన్నాయని, మీటర్లో అంకె కనపడిందని మురిసిపోకు. ఖాళీగా కూర్చున్నప్పుడు ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ మొనగాడే. బరువు మీద పెట్టి చూడు. బరువు మీద పెట్టి చూడకుండా మాత్రం ఇంటికి తేకు. మా నాన్న నాకు ఈ పనిలో నోరు తెరిచి నేర్పింది ఇదొక్కటే, మిగతాదంతా తిట్లే.

ఇంకొకటి. ఆ పెట్టె లోపల పనిచేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకో. రెండు చేతులూ లోపలుంటే కరెంటు ఒక చేత్తో ఎక్కి గుండె మీదుగా రెండో చేత్తో దిగుతుంది. జేబులో చెయ్యి తియ్యొద్దు, ముక్కు దురద పెట్టినా తియ్యొద్దు.

నాకిష్టం లేకుండానే రాశాను. అది తెలుసుకో.

మావయ్య


జూలై 5

మావయ్యా, నువ్వు బంగారం!

తీసేసుకున్నాను. నువ్వు చెప్పినట్టే బరువు మీద పెట్టి చూశాను, అనుమానం తీరక రెండోసారి కూడా పెట్టాను. నల్లడబ్బాదే గెలుపు. ఆ తుప్పుముఖాన్ని దానితో పోల్చడమే దండగ. పాతసామాన్లాయన నోరు తెరుచుకుని చూశాడు. "ఇలా చూసి కొనేవాళ్లని నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నాడు. మా మావయ్య నేర్పాడని గొప్పగా చెప్పుకున్నాను.

ఇంకో శుభవార్త. జంట కుదిరింది! ఇన్నాళ్లూ సరైన జోడీ దొరక్క ఎంత తిరిగానో నాకే తెలుసు. డ్రమ్ములాయన ఇంటికి వెళ్లిన రోజే కుదిరిపోయింది. ఒకే తీరు, ఒకే వేడి, ఎక్కువాతక్కువా లేదు. ఇక విడదీసే ప్రసక్తే లేదు.

జేబు సంగతి మాత్రం చిక్కొచ్చింది. నా బట్టల్లో ఒక్కదానికి జేబు లేదు. ఆడవాళ్లకి చెయ్యి పెట్టుకునే అవసరమే రాదని ఈ కుట్టేవాళ్లకి ఎవరు చెప్పారో! ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని పనిచేస్తున్నాను, బడిలో శిక్ష పడ్డదానిలాగా. నా చెయ్యి నా మాట వినదు, అప్పుడప్పుడూ ముందుకొచ్చేస్తోంది.

పనిలో ఉన్నాను, ఉంటాను.

మొండిఘటం


జూలై 12

మొండీ,

శభాష్. బరువు మీద రెండుసార్లు పెట్టానన్నావు చూడు, అక్కడ నా కడుపు నిండింది. మా దగ్గర పనిచేసి వెళ్లినవాళ్లలో ఎంతమందికి ఆ ఓపిక ఉండేది? బరువుకి ఏం వాడావు, బల్బులా? ఎంతసేపు ఉంచావు? వేడెక్కిందా? ఇవన్నీ రాయకుండా ఒట్టి గెలుపు రాస్తే ఎలా? వివరంగా రాయి.

అత్తయ్య ఈమధ్య ఎందుకో తెగ సంతోషంగా ఉంది. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి కుట్టుమిషను ముందు కూర్చుని లేవడం లేదు. అడిగితే చెప్పదు.

మావయ్య

(అమ్మాయీ, మనసు నిండిపోయింది. బేకరీలో పనైతే ఏంలే, మనిషి మంచివాడైతే చాలు. ఒకే వేడి అని నువ్వు అంత పచ్చిగా రాయకుండా ఉండాల్సింది, మీ మావయ్య కళ్లజోడు లేకుండా చదివారు కాబట్టి సరిపోయింది. వాళ్లమ్మా నాన్నా ఏం చేస్తారు? నీకోసం ఒకటి కుడుతున్నాను, త్వరలో పంపిస్తాను. అత్తయ్య.)


జూలై 28

మావయ్యా,

బరువుకి బల్బులు వాడావా అని అడిగావు. అది చదివేసరికి నా కొంప అప్పటికే మునిగింది.

బరువుకి బల్బులేమిటి? కూరగాయలావిడ తక్కెడ వాడాను! ఒక పళ్లెంలో ట్రాన్స్‌ఫార్మరు, రెండో పళ్లెంలో రెండు కిలోల రాయి, దాని మీద కిలో రాయి, అయినా చాలక రెండు బంగాళాదుంపలు. తుప్పుది రెండున్నర కూడా తూగలేదు. నువ్వే కదా బరువు మీద పెట్టి చూడమన్నావు? పాతసామాన్లాయన నోరు తెరిచింది ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

జరిగింది చెప్తాను, నవ్వావంటే ఊరుకోను. యాంపు కట్టాను. ఇంట్లో మెల్లగా వాయిస్తే ఎంత బాగుందో! బేకరీ వెనక గదిలో రిహార్సలుకి మోసుకెళ్లాను. మొదటి పాట అద్భుతం. నర్సమ్మాయి వెనక్కి తిరిగి చూసి కళ్లెగరేసింది. రెండో పాటకి సౌండు పెంచాను. అంతే, గొంతు నొక్కినట్టు సౌండు కుంగిపోవడం మొదలైంది. తర్వాత వాసన. ఆ తర్వాత నల్లడబ్బా అడుగునుంచి తారు మావయ్యా, నిజం తారు, చిక్కగా కారి బల్ల అంచు దాటి నాయకుడుగారి తెల్లబూటు మీద పడింది.

ఆయన బూటు చూసుకున్నాడు, నన్ను చూశాడు. "ఇది యాంపా, రోడ్డేసే మిషనా?" అన్నాడు. గదంతా నవ్వులే. డ్రమ్ములాయన కూడా నవ్వాడు. తర్వాత క్షమించమన్నాడు కానీ నవ్వడమైతే నవ్వాడు. "సెప్టెంబరు దాకా ఎందుకమ్మా, ఇప్పుడే మానుకో, నీకూ పరువు దక్కుతుంది" అన్నాడు నాయకుడు. ఆ బావమరిది గిటారు సంచీతో సహా తలుపు దగ్గరే ఉన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. బాగానే ఏడ్చాను. ముఖం కడుక్కుని డబ్బా విప్పాను. లోపల నా గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మరు, ఏ చిన్న రేడియోకో చుట్టింది. చుట్టూ అంతా పోతపోసిన తారు. నేను తూకం వేయించింది తారుకి!

మానుకోను. ఆయన బూటుకి నేను తారు పూయలేదు, అదే పడింది. టౌన్‌హాలుకి వెళ్తాను, నా యాంపుతోనే వెళ్తాను. బరువంటే ఏమిటో ఈసారి సరిగ్గా చెప్పు.

అత్తయ్యా, జంట కుదిరింది వాల్వులకి. గాజు వాల్వులకి! డ్రమ్ములాయనకి పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాళ్ల అటకమీద పాత వాల్వుల పెట్టె దొరికింది, అంతే. నువ్వు నా పెళ్లిబట్టలు కుడుతుంటే దయచేసి ఆపు.

మొండిఘటం


ఆగస్టు 5

ఓసి నా తల్లీ,

నవ్వొద్దన్నావు. నవ్వాను. బంగాళాదుంపల దగ్గర పగలబడి నవ్వితే, నాకేదో అయిపోయిందని అత్తయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆవిడకి చదివి చెప్తే ఆవిడా మొదలుపెట్టింది. ఆ తర్వాత నువ్వు ఏడ్చానని రాసిన చోటికి వచ్చాం. అత్తయ్య కాగితం నా చేతిలోంచి లాక్కుని మళ్లీ తనే చదువుకుంది.

తప్పు నీది కాదు, నాదీ కాదు, మా నాన్నది. అందరూ లోడు అనేదాన్ని ఆయన బరువు అనేవాడు. షాపులో అందరికీ అదే మాట అలవాటైంది, బయట ఇంకెవరూ అలా అనరని నాకు ఈ వయసులో నీవల్ల తెలిసింది. బరువంటే కిలోలు కాదే. అది మొయ్యాల్సిన పని. నీ వాల్వులు ఎంత కరెంటు తాగుతాయో అంత కరెంటూ దాని చేత లాగించాలి, లాగించి అలాగే ఉంచాలి. అప్పుడు వోల్టులు నిలబడతాయా, కుప్పకూలతాయా అని చూడాలి. మేము బల్బులు వరసగా కట్టి దానికి తగిలించేవాళ్లం. సాయంత్రం దాకా వెలిగించి, ఆపేసి, ప్లగ్గు పీకి, అరచెయ్యి ఆనించేవాళ్లం. చెయ్యి నిలిస్తే మంచిది. చుర్రుమని వెనక్కి లాక్కుంటే పనికిరాదు.

ఇప్పుడు విను. ఆ తెల్లబూట్లవాడు నిన్ను ఆ మాట అన్నాడని చదివాక నాకు నిద్రపట్టలేదు. నేనే చుడతాను. డాక్టరు ఏమన్నా సరే. తాళంచెవి వెతుకుతున్నాను. పంచదార డబ్బాలో లేదు, దిండు కింద లేదు. దొరక్కపోతే తాళం పగలగొడతాను.

ఈలోగా ఆ తుప్పుది అక్కడే ఉంటే తెచ్చి బల్బుల మీద పెట్టు. నాకు దాని మీదే నమ్మకంగా ఉంది. సినిమాహాల్లో పనిచేసిందంటే రోజూ ఆటలు మోసిందన్నమాట. అది కట్టాక గుర్రుమంటే, అందులో స్పీకరువైపు ఇంకో ట్రాన్స్‌ఫార్మరు ఉంటుందిగా, ఆ రెండింటినీ దూరంగా జరిపి, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా తిప్పి పెట్టు. మాటల్లేని తోడికోడళ్లలాగా ఒకదాని ముఖం ఒకటి చూడకూడదు.

మావయ్య

(పెళ్లిబట్టలు కాదమ్మా, నీకు జేబు కుట్టాను. పార్సిలు విప్పి చూడు. అత్తయ్య.)


ఆగస్టు 19

మావయ్యా,

తాళంచెవి వెతకడం ఆపు. తాళం పగలగొట్టావని తెలిస్తే ఈ యాంపుని నేనే పగలగొడతాను. నువ్వు చుట్టింది పెడితే ఆయన ఏమంటాడు? "ఓహో, మావయ్య చేసిచ్చాడా" అంటాడు. ఆ మాట నేను పడను. ఇది నేను ఎంచుకున్నదే కావాలి, ఒకసారి తప్పు ఎంచుకున్నా సరే.

తుప్పుముఖం ఇంకా అక్కడే ఉంది, ఎవరికి కావాలి పాపం! ఇంటికి తెచ్చి రుద్ది, ఒకరోజు ల్యాబుకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టు వాల్వుల పొయ్యిలు వెలిగించాను, బల్బులు వరసగా కట్టి తగిలించాను. తగిలించగానే వోల్టులు కొంచెం దిగాయి. దిగి ఆగాయి. ఇక కదల్లేదు. గదిలో బల్బులన్నీ పచ్చగా వెలుగుతుంటే దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రానికి అన్నీ ఆపి, ప్లగ్గు పీకి, అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. ఉంచాను, ఉంచాను, తియ్యాలనిపించలేదు.

అత్తయ్య పార్సిలు వచ్చింది. అది జేబా? గోనెసంచీ! మోచెయ్యి దాకా దిగిపోతోంది. అప్రాను మీద ఎడమవైపు ఒక్కటే పెట్టి, దానికి మూడు వరసల కుట్టు వేసింది. ఇప్పుడు నా చెయ్యి అందులోంచి బయటికి రమ్మన్నా రాదు. అత్తయ్యకి నా ముద్దులు.

మొదట గుర్రుమంది. తోడికోడళ్లని విడదీశాను. ఊరుకున్నాయి.

టౌన్‌హాలు సెప్టెంబరు రెండో ఆదివారం సాయంత్రం. నువ్వు రావాలి. మిషను పెట్టుకుని రావాలి. నువ్వు లేకుండా ఇది ఎవరికి వినిపించను చెప్పు?

మొండిఘటం


ఆగస్టు 27

మొండీ,

రాను. ఆ మిషను చెవిలో పెడితే ఈగ దూరినట్టు ఉంటుంది, పళ్లేలు కడుగుతుంటే కత్తులు దూసినట్టు వినపడుతుంది. అది పెట్టుకోను. పెట్టుకోకపోతే వచ్చి ఏం లాభం? నీ మొండితనం నీకుంటే నాది నాకుంది. ఇంక అడగొద్దు.

ఫ్యూజు వేశావుగా? ఇంకోటి వెంట పెట్టుకో. వాల్వులు వేడెక్కేదాకా తొందరపడి వాయించకు.

తుప్పుది అన్నావు. చెయ్యి తియ్యాలనిపించలేదన్నావు. నాకు తెలుసు అది ఎలా ఉంటుందో.

మావయ్య

(మీ మావయ్య బీరువాలో ఏదో వెతుకుతున్నారు. తాళంచెవి అక్కడ లేదని చెప్పాను, అయినా వెతుకుతున్నారు. అత్తయ్య.)


సెప్టెంబరు 14

మావయ్యా,

అయిపోయింది. నన్ను బ్యాండులోంచి తీసేశారు.

కంగారు పడకు, మొదటినుంచీ చెప్తాను. యాంపు గుర్రుమనలేదు, ఆగలేదు. స్టేజి ఎక్కగానే నాయకుడుగారు ఒక మైకు తెచ్చి దాని ముందు పెట్టబోయాడు, "నా బోర్డులోకి తీసుకుంటా, లేకపోతే బాలెన్సు కుదరదు" అని. మైకు పక్కకి జరిపాను. మళ్లీ పెట్టాడు. మళ్లీ జరిపాను. తెర లేచింది కాబట్టి బతికిపోయాం, లేకపోతే ఇప్పటికీ అక్కడే ఉండేవాళ్లం.

మూడో పాట మధ్యలో నా గిటారు ఒక్కటే ముందుకొచ్చి వాయించే చోటు ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆయన నావైపు తిరిగి అరచెయ్యి కిందకి కిందకి ఆడించాడు, తగ్గించు తగ్గించు అని. జనం ముందు, పసిపిల్లని కూర్చోమన్నట్టు. ఆయన కళ్లలోకి చూస్తూ పెంచాను. ఇంకా ఆడించాడు. ఇంకా పెంచాను. తుప్పుముఖం అసలు తొణకలేదు మావయ్యా! ఆయన కీబోర్డూ పెంచుకున్నాడు. నేనాగలేదు.

దిగాక, "నా మాట వినని వాళ్లతో నేను వాయించను" అన్నాడు. "నా మాట వినపడనియ్యని వాళ్లతో నేనూ వాయించను" అన్నాను. డ్రమ్ములాయన కర్రలు సంచీలో పెట్టుకుని నా వెనకే వచ్చేశాడు. నర్సమ్మాయి ఆలోచించుకుంటానంది. ఇక నన్ను తీసేశారో, నేనే వదిలేశానో నువ్వే చెప్పు. వెనక్కి మాత్రం వెళ్లను. అడుక్కున్నా వెళ్లను.

కానీ వెళ్లేముందు నాయకుడుగారు ఒక మాట అన్నాడు. "అంత గింజుకున్నావు కానీ, హాల్లో ఒక్కడికి కూడా నీ గిటారు వినపడలేదు. అంతా నా కీబోర్డే" అన్నాడు. అబద్ధమే అయ్యుంటుంది. కానీ కళ్లలో లైట్లు కొడుతుంటే నాకు ముందు వరస కూడా కనపడలేదు. పళ్ల డాక్టరుగారు రాలేదు. అడుగుదామంటే హాల్లో నా అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరికీ భయపడలేదు గానీ, ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. ఇన్ని నెలలు తిరిగింది, తారు కార్చుకుంది, ఏడ్చింది అంతా ఆ ఒక్కదానికే. వినపడిందా, లేదా?

నీకు తెలియదులే, నువ్వు రాలేదుగా.

మొండిఘటం


సెప్టెంబరు 18

మొండీ,

వినపడింది.

చివరి వరసలో, తలుపు పక్కన, నేనూ మీ అత్తయ్యా. రానని అన్ని మాటలన్నవాణ్ని వచ్చి కూర్చుంటే నువ్వు ఏడిపిస్తావని, అయిపోగానే ఆఖరి బస్సు పట్టుకుని వచ్చేశాం. అత్తయ్య నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగింది, నిన్ను చూసొస్తానని. నేనే లాక్కొచ్చాను. బస్సులో నా పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చుంది.

మిషను పెట్టుకునే వచ్చాను. పెట్టుకుంటే హాల్లో కుర్చీలు కిర్రుమనడం, వెనకెవరో బిస్కెట్ల పొట్లం విప్పడం, అన్నీ వినపడ్డాయి. నీ గిటారూ వినపడింది, చక్కగా. అయినా నాకు తృప్తిగా లేదు. ఇంత చిన్నదాన్ని చెవిలో పెట్టుకుంటే చీమ నడిచినా వినపడుతోంది, ఇందులో నీ గొప్పేముంది?

అప్పుడు ఆ తెల్లబూట్లవాడు చెయ్యి కిందకి ఆడించాడు. నువ్వు పెంచావు. నేను మిషను తీసి జేబులో పెట్టుకున్నాను.

అది లేకపోతే నా పక్కన పిడుగుపడ్డా నాకు తెలియదని నీకు తెలుసు. కుర్చీలు పోయాయి, పొట్లం పోయింది. పాట పోయింది, వాడి కీబోర్డు పోయింది. నువ్వు పోలేదు. కుర్చీ చేతి మీద పెట్టిన అరచేతిలోనూ ఉన్నావు, చెవిలోనూ ఉన్నావు. నా పాడు చెవిలో, ఏ మిషనూ లేకుండా. అత్తయ్య నావైపు చూసి, జేబులోంచి మిషను తీసి మళ్లీ పెట్టబోయింది. వద్దని చెయ్యి పట్టుకుని ఆపాను. చివరిదాకా అలాగే విన్నాను.

ఒక్కడికి కూడా వినపడలేదని వాడంటే, చెవిటివాడికి వినపడిందని చెప్పు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు మాట్లాడకు. వాయించు. ఎవరూ అని అడగను.

మావయ్య